అవతలికి మడిచిన విస్తరి

ములకగూడెం కల్లం,
పర్ణశాల దగ్గర,
14-4-1986

చిరంజీవి రత్నానికి,

ఆశీర్వాదాలు ఉత్తరం చివర ఇస్తాను, ముందు తిట్లు తిను. రాజకీయాలున్న నవల నాకు పంపవద్దని ఎన్నిసార్లు చెప్పాను? మూడు పుస్తకాలు పంపావు. రెండు బాగున్నాయి, హాయిగా ఏడ్చి పూర్తిచేశాను. మూడోది, ఆ "అవతలి గట్టు", అట్ట మీద జెండా కనబడగానే పెట్టె అడుక్కి తోసేశాను. కథ అంటే ఇద్దరు కలవాలి, మధ్యలో ఎవరో అడ్డం పడాలి, చివరికి ఆ అడ్డం తొలగాలి. అందులో మీటింగులూ మైకులూ దేనికి?

నీకు తెలియని సంగతి కాదు. మన ఇంట్లోంచి మీ నాన్నను తీసుకుపోయింది ఆ రాజకీయమే. నువ్వు పలక పట్టుకునే వయసులో చిన్నన్నయ్య సంచీ భుజాన వేసుకుని, రెండు రోజుల్లో వస్తానని చెప్పి అడవిదారి పట్టాడు. పన్నెండేళ్ళు కావస్తోంది. కబురూ లేదు, కాగితం ముక్కా లేదు. అలాంటి దాన్ని, కాలక్షేపానికి కూడా అదే చదవమంటావా?

అయినా చదువుతున్నాను. ఏం చేయను, ఈ అడవిలో ఇంకో పుస్తకం లేదు. బీడీలు చుట్టే తునికాకు సీజను కదా, మీ మామయ్య కాంట్రాక్టరు దగ్గర మున్షీగా, ఆకు ఆరబోసే ఈ కల్లంలోనే పొద్దస్తమానం ఉంటాడు. ఆకు తెచ్చిన ఆడవాళ్ళు మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా మా పందిట్లో కూర్చుంటారు. నేను ఓ మూల చదువుకుంటుంటే ఎర్రమ్మ అని ఒకామె, వీళ్ళందరికీ పెద్ద, నన్ను పట్టుకుంది. "ఏందమ్మా, నీలో నువ్వే నవ్వుకుంటున్నవ్? మాకు గూడ జెప్పరాదు?" అంది. అప్పటినుంచి పైకి చదువుతున్నాను.

సుమిత్ర అనే పిల్ల ఎమ్మెల్యే కూతురు. మాధవ్ కూలీల సంఘం మనిషి. ఇద్దరి మధ్యా ఏదో ఉంది, కానీ ఒకరితో ఒకరు మాట్లాడరు. మీటింగు వచ్చిన చోటల్లా పేజీలు దాటేస్తున్నాను. అయినా కథ నడుస్తూనే ఉంది.

వదినకు ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పు. ఇదిగో, ఇప్పుడు ఆశీర్వాదాలు.

మీ అత్తయ్య,
రాఘవమ్మ


బోనకల్,
24-4-1986

అత్తయ్యకు రత్నం నమస్కారాలు.

నీ తిట్లు అందాయి. అట్ట మీద జెండా నేను చూసుకోలేదు. టైపు క్లాసు అయ్యాక రైలు వచ్చే వేళైంది, ఖమ్మం స్టేషను దగ్గర కిరాయి పుస్తకాల షాపులో చేతికి అందినవి పట్టుకుని పరిగెత్తాను. అయినా పేజీలు దాటేస్తూ చదివితే అది చదవడం ఎలా అవుతుంది? నువ్వు సినిమాకు పోయినా పాటలప్పుడు నిద్రపోతావు.

అమ్మ నీ ఉత్తరం నాచేత రెండుసార్లు చదివించుకుంది. మీటింగులున్న పేజీలు దాటేస్తున్నావన్న చోట "నేనూ అంతే" అని లేచి వంటింట్లోకి పోయింది. ఎందుకలా అందో నాకు అర్థంకాలేదు.

పెదనాన్న ఒక పని చెప్పాడు. మీ వైపు మోదుగాకు బాగుంటుందట, ఒక పెద్ద మోపు పంపమన్నాడు. ఆకులు విడివిడిగా ఉండాలట, పుల్లలతో కుట్టవద్దట, చిల్లులున్నవి ఏరి పారేయమన్నాడు. ఎందుకని అడిగితే "ఇంట్లో కార్యం ఉంది" అన్నాడు. శాస్త్రిగారు పంచాంగం పట్టుకుని వచ్చి పోతున్నారు. నేను గదిలోకి వెళితే పెద్దమ్మ మాట మారుస్తోంది. అమ్మ ఇల్లంతా సున్నం వేయిస్తోంది.

ఆ మాధవ్ ఏమయ్యాడో రాయి.

నీ మేనకోడలు,
రత్నం


ములకగూడెం కల్లం,
6-5-1986

బంగారుతల్లి రత్నానికి,

నాకు అర్థంకాలేదనుకున్నావా? శాస్త్రిగారు, పంచాంగం, ఇంటికి సున్నం, నిన్ను చూసి మాట మార్చే పెద్దమ్మ. పైగా మోపు మోదుగాకు, అంటే వంద విస్తర్ల భోజనాలు. అబ్బాయి ఎవరు? మంచి ఆకు ఏరించి, తడిగుడ్డ చుట్టించి మోపు కట్టాను. భద్రాచలం బస్సులో వేయిస్తున్నాను. కుట్టకుండా పంపమన్నాడంటే పెద్దన్నయ్య అక్కడే మనుషుల్ని పెట్టి కుట్టిస్తాడు కాబోలు. ముహూర్తం రాస్తే వచ్చి వాలిపోతాను.

ఇక ఆ నవల సంగతి. నువ్వు నవ్వినా సరే, నాకు తెగ నచ్చింది. ఎర్రమ్మ నా దొంగతనం పట్టేసింది. "సంఘం మీటింగు అన్నవ్, ఆడ ఏం మాట్లాడిండో జెప్పకుండనే అవతలికి దుంకినవ్. కూలి ఎంత అడిగిండు?" అని నిలదీసింది. వెనక్కి తిప్పి, దాటేసిన ఉపన్యాసాలన్నీ చదవక తప్పలేదు. చదివితే ఏముందో తెలుసా? ప్రేమంతా అక్కడే ఉంది. మాధవ్ ఆ పిల్లతో ఎప్పుడూ నేరుగా మాట్లాడడు. వెయ్యిమంది ముందు నిలబడి, చివర చెట్టు కింద నిలబడ్డ ఆమెకు చెప్పాల్సింది చెబుతాడు. "ఏ గడపలో కూర్చుంటే మన కడుపు నిండుతుందో, ఆ గడప ముందు నిలబడే హక్కు కూడా మనకు లేదు" అంటాడు. కూలీలు అది దొరగారి ఇంటి గురించి అనుకుని చప్పట్లు కొడతారు. సుమిత్ర ఒక్కతే తల దించుకుంటుంది. ఇన్నాళ్ళూ నేను దాటేసింది ఇదన్నమాట.

తరువాత పోలీసులకు దొరక్కుండా మాధవ్ వాగు అవతల అడవిలో దాక్కుంటాడు, ఆకలితో. సుమిత్ర గట్టున అన్నం మూట పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంది. అక్కడ చదవడం ఆపాను. మర్నాడు ఎర్రమ్మ తన జొన్నగటకలోంచి ఇంత తీసి, మోదుగ విస్తరిలో పెట్టి, కల్లం చివరున్న ఇప్పచెట్టు మొదట్లో పెట్టింది. ఎవరికి అంటే "ఆ పిలగానికి" అంది. ఊరు విడిచిపోయి రాని మనిషి ఉంటే వాళ్ళ ఇంట్లో అలా అతని వాటా తీసిపెడతారట. పెట్టినవాళ్ళు అటు తిరిగి చూడకూడదట. అది కథ, అతను నిజం మనిషి కాదు అని నవ్వాను. ఎర్రమ్మ నవ్వలేదు.

ఆ సాయంత్రం విస్తరి ఖాళీగా ఉంది. కుక్కలు అనుకుందామంటే, కుక్క తిన్న విస్తరి మడిచి పైన రాయి పెట్టదు కదా. విస్తరిని చెట్టుకు ఆనించి పెడతారు కాబట్టి తినేవాడు ఇవతలే కూర్చోవాలి. ఇవతలి అంచు ఎత్తి అవతలికి మడిచి ఉంది.

మన ఇళ్ళలో శుభకార్యానికి తింటే విస్తరి మనవైపుకు మడుస్తాం, మళ్ళీ ఆ ఇంటికి రావాలని. అవతలికి మడిచేది చావు భోజనంలోనే. మామూలు రోజున అవతలికి మడిచే మనిషిని నేను ఒక్కణ్ణే చూశాను, మీ నాన్నను. మా అమ్మ చేతి మీద కొట్టేది, "ఇదేమన్నా చావు భోజనమా?" అని. "ఆకు ఎటు మడిచినా ఆకేగా" అని మళ్ళీ అలాగే మడిచేవాడు.

శుభం జరగబోతుంటే ఇది రాయకూడదేమో. రాసేశాను. వదినకు ఈ ముక్క చదవకు.

మీ అత్తయ్య,
రాఘవమ్మ


బోనకల్,
20-5-1986

అత్తయ్యకు,

అమ్మకు చదవకు అని చివర రాశావు. నేను మొదటినుంచీ పైకి చదువుకుంటూ వచ్చాను.

నాకు సంబంధం లేదు, ముహూర్తం లేదు. ఆ ఆకు భోజనాలకు కాదు. మోపు దిగాక పెదనాన్న చెప్పాడు. మనిషి కనబడకుండా పోయి పన్నెండేళ్ళు నిండితే పోయినట్టే లెక్కట. శవం లేదు గనుక మోదుగాకులతో మనిషి ఆకారం కట్టి, దానికి దహనం చేసి, కర్మ జరపాలట. వైశాఖ అమావాస్యకు పెట్టారు. చేయకపోతే నాన్న ఆత్మ అటూ ఇటూ కాకుండా తిరుగుతుందట. మా మంచికేనంటున్నాడు. నీకు ముందుగా చెబితే అడ్డం పడతావని చెప్పలేదట. ఆ ఆకులు నువ్వు ఏరించి పంపినవి.

ఆ తర్వాత అమ్మ బొట్టు తీసేస్తారు.

అమ్మ ఈ పన్నెండేళ్ళూ రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి బొట్టు పెట్టుకున్నాకే పొయ్యి వెలిగించేది. జ్వరం వచ్చినా మానలేదు. ఇప్పుడు పెదనాన్నకు ఎదురు చెప్పడం లేదు. నీ ఉత్తరంలో విస్తరి సంగతి వచ్చినప్పుడు మాత్రం నా చేతిలోంచి కాగితం లాక్కుంది, చదవలేదు, పట్టుకుని కూర్చుంది.

నిజం చెప్పు అత్తయ్యా. నీకు ఈ కర్మ సంగతి ముందే తెలిసి, ఆపడానికి ఇదంతా కట్టి రాశావా? రాజకీయం కథలో ఉంటేనే నీకు గిట్టదు, మరి మా నాన్నను తెచ్చి ఆ కథలో ఎందుకు కూర్చోబెట్టావు? అమ్మకు ఆశ పెట్టవద్దు. ఆ ఆశతో మళ్ళీ పన్నెండేళ్ళు కూర్చుంటుంది.

రత్నం


ములకగూడెం కల్లం,
27-5-1986

రత్నం,

నీ ఉత్తరం ఈ రోజే అందింది. మీ మామయ్యకు చలిజ్వరం ముదిరి భద్రాచలం దవాఖానాలో పడుకోబెట్టాం. కల్లంలో ఎండిన ఆకంతా నా మీద వదిలి పోయాడు. లేకపోతే ఈ బస్సుకే వచ్చి పెద్దన్నయ్యను అడిగేదాన్ని, తమ్ముడికి కొరివి పెట్టడానికి నా చేత ఆకు ఏరించడానికి నోరెలా వచ్చిందని. ఆయనకు వేరే ఉత్తరం రాస్తున్నాను. నువ్వు నా మీద కోప్పడు, పడతాను. కట్టి రాశానని మాత్రం అనకు.

నేనే ఒక పరీక్ష పెట్టాను. మొన్న గటక బదులు అన్నం వండి, ఆవకాయ వేసి, నేనే పెట్టివచ్చాను. చుట్టూ నేల ఊడ్చి, నీళ్ళు చల్లి, తడి ఆరనిచ్చాను, అడుగు పడితే కనబడాలని. ఇప్పచెట్టుకు మూడు వైపులా ఎండిన తునికాకు పరిచి ఉంది. పిల్లి నడిచినా చప్పుడవుతుంది. నేను పందిట్లో కూర్చుని చదువుతూనే చెవులు అటే పెట్టాను. ఏమీ వినబడలేదు. పొద్దు వాలాక వెళ్ళి చూస్తే నేల మీద ఒక్క అడుగు లేదు. విస్తరి అవతలికి మడిచి ఉంది. ఈసారి పైన రాయి లేదు, ఆవకాయ టెంక ఉంది, చీకి శుభ్రంగా పెట్టింది. ఆకు ఎగిరిపోకుండా మీ నాన్న టెంక పెట్టేవాడని మీ అమ్మను అడుగు. ఆ సంగతి నేను ఇంతకుముందు ఎవరికీ రాయలేదు.

ఇంకోటి ఉంది. నిన్న మాధవ్ మారువేషంలో ఎమ్మెల్యే ఇంటికే వచ్చి, ఆయన కుర్చీలోనే కూర్చుని, ఆయనకే వినతిపత్రం రాసిపెట్టే చోటు చదివాను. ఆడవాళ్ళంతా విరగబడి నవ్వారు. వాళ్ళ నవ్వు ఆగింది. ఆగాక, ఆకు సంచుల వెనకనుంచి ఒక మగగొంతు నవ్వింది. మీ నాన్నకు ఎవరేం చెప్పినా అందరికన్నా ఆలస్యంగా నవ్వు వచ్చేది. మీ అమ్మ దానికి ఎంత ఉడికించేదో నీకు గుర్తుండదు. కల్లంలో ఆ వేళ మగవాళ్ళెవరూ లేరు. మిట్టమధ్యాహ్నం, నడినెత్తిన ఎండ. నేను చదవడం ఆపేశాను. ఎవరూ తల తిప్పలేదు. ఎర్రమ్మ నా మోకాలు మీద చెయ్యి వేసి "సదువమ్మా, ఆపకు" అంది.

తరువాత ఆమెను అడిగాను, బతికున్న మనిషేనా అని. "తినెటోల్లందరు బతికున్నోల్లు గాదమ్మా. సచ్చినోల్లకు గూడ ఆకలైతది, కతలు ఇనాలనిపిస్తది. ఎవరైతే ఏంది, ఇంటిమనిషే గద" అంది.

నాకు భయంగా ఉంది, రత్నం. ఆ పుస్తకం అయిపోవస్తోంది. అయిపోతే ఇక రాడేమోనని చదివిన పేజీలే మళ్ళీ చదువుతున్నాను. ఆడవాళ్ళు తెలిసి కూడా ఊరుకుంటున్నారు. మీ నాన్న ఉన్నాడనీ నేను రాయలేను, లేడనీ రాయలేను. ఆకలిగా ఉన్నాడని మాత్రం రాయగలను. ఆకలిగా ఉన్న మనిషిని కాల్చవద్దని పెద్దన్నయ్యకు చెప్పు.

రాఘవమ్మ


బోనకల్,
9-6-1986

అత్తయ్యకు,

జరిగిపోయింది.

నీ ఉత్తరం పెదనాన్నకు చూపించాను. మొత్తం చదివి, మడిచి తిరిగి నా చేతికిచ్చాడు. "ఆడవాళ్ళు నవలలు చదివి ఇంటి సంగతులు తేల్చే కాలం వచ్చింది" అన్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అది కూడా రాయాలి. తమ్ముడు గాలిలో తిరగడం నేను చూడలేనని అంటూ బయటికి పోయాడు.

వాగొడ్డున చేశారు. ఆకులు ఒక్కొక్కటే దారంతో కట్టుకుంటూ పోయారు. తలకు కొబ్బరికాయ పెట్టారు. చేతులూ కాళ్ళూ వచ్చేసరికి నేను చూడలేకపోయాను, అచ్చం ఎవరో పడుకున్నట్టే ఉంది. అమ్మ మాత్రం చూస్తూనే ఉంది. "ఆయన ఇంత పొడుగు ఉండడు" అని ఒక్క మాట అంది.  పెదనాన్న నిప్పు పెట్టాడు. మధ్యాహ్నానికి పెద్దమ్మ అమ్మ బొట్టు తుడిచింది. అమ్మ కదలకుండా కూర్చుని తుడిపించుకుంది.

అదే రోజు పెట్టిన కర్మ భోజనాల్లో అందరూ విస్తళ్ళు అవతలికి మడిచి లేచారు. అమ్మ అందరి విస్తళ్ళూ చూస్తూ, "ఆయన రోజూ ఇలాగే మడిచేవాడు. టెంక పైన పెట్టేవాడు. నేను ఎత్తి పారేసేదాన్ని" అంది. టెంక సంగతి ఉన్న నీ కిందటి ఉత్తరం నేను అమ్మకు చదవలేదు అత్తయ్యా. ఆశ పెట్టకూడదని దాచాను.  నిన్ను అబద్ధాలకోరును చేశాను, క్షమించు. సాయంత్రం ఆ ఉత్తరం అమ్మకు ఇచ్చాను. తనే చదువుకుంది, కూడబలుక్కుంటూ.

చదివి ఆ పుస్తకం కావాలంది. అమావాస్య రోజు అక్కడ విస్తరి ఏమైందో కూడా రాయమంది.

రత్నం


ములకగూడెం కల్లం,
16-6-1986

రత్నానికి,

నీకు క్షమాపణ అక్కర్లేదు. మీ అమ్మ అడిగిన దానికి జవాబు రాయడమే కష్టంగా ఉంది.

అమావాస్య నాడు పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది. చీమ కూడా పట్టలేదు. మర్నాడు మళ్ళీ పెట్టాను, ఆ మర్నాడూ పెట్టాను. ఎర్రమ్మ వచ్చి చూసి, విస్తరి తీసి వాగులో కలిపింది. "పోయిండమ్మా. ఈడికి రాడిగ. మీరే పంపిండ్రు" అంది. కోపంగా అనలేదు. ఎక్కడికి పోయాడని అడిగితే, పంపినోల్లను అడుగు అంది.

వానలు మొదలయ్యాయి, కల్లం ఎత్తేశారు. మీ మామయ్య లేచి తిరుగుతున్నాడు. చివరి రోజు ఆడవాళ్ళకు ఆఖరి అధ్యాయం చదివాను. మాధవ్ మీటింగు పెడితే భయానికి ఒక్కడూ రాడు. ఖాళీ మైదానంలో నిలబడి మొత్తం ఉపన్యాసం చెబుతాడు. వాగు అవతల గట్టున సుమిత్ర ఒక్కతే వింటుంది. అక్కడితో అయిపోతుంది, కలిశారో లేదో కూడా రాయలేదు ఆ మహానుభావుడు. ఇంతకుముందైతే అలాంటి పుస్తకాన్ని పొయ్యిలో పెట్టేదాన్ని. మొన్న మాత్రం ఆఖరి పేజీ రెండుసార్లు చదివాను.

పుస్తకం ఈ బస్సులోనే పంపుతున్నాను. పోయిందని షాపువాడికి చెప్పుకో, తిరిగి ఇవ్వకు. రాజకీయాలున్నవి పంపవద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. వదినను చూసుకో.

మీ అత్తయ్య,
రాఘవమ్మ


బోనకల్,
2-7-1986

రాఘవమ్మకు, మీ వదిన సుశీలమ్మ ఎవరిచేతా రాయించకుండా తానే రాస్తున్నది.

నాకు ఉత్తరాలు రాయడం అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకో. పుస్తకం అందింది. నువ్వు దాటేసి మళ్ళీ చదివిన పేజీలు ముందు చదివాను. మీ అన్నయ్య భోజనం దగ్గర రోజూ మాట్లాడేవాడు, కూలిరేట్లు, సంఘం, ఎవరో ఎవరినో కొట్టడం. నాకు విసుగు. గిన్నెలు చప్పుడు చేస్తూ సర్దేదాన్ని, ఆపుతాడని. ఆ మాటలు నాకు చెబుతున్నాడని అనుకోలేదు. ఊరికి చెబుతున్నాడనుకున్నాను. ఎన్నేళ్ళు కాపురం చేసి ఏం లాభం, ఒక్కరోజు కూడా చివరిదాకా వినలేదు.

ఇప్పుడు మధ్యాహ్నాలు పెరట్లో కూర్చుని పైకి చదువుతున్నాను. మెల్లగా చదువుతాను, కూడబలుక్కోవాలి కదా. ఎర్రమ్మ పెట్టినట్టే విస్తరి వేసి, ఆవకాయ అన్నం పెట్టి, గోడకు ఆనించి ఉంచుతున్నాను. రత్నం భయపడుతోంది, బావగారికి చెబుతానంటోంది. చెప్పుకోమన్నాను. ఇన్ని రోజులూ కాకులు కూడా ముట్టలేదు.

నిన్న ఆ ఖాళీ మైదానం ఉపన్యాసం చదివాను. గిన్నె చప్పుడు లేకుండా, ఒక్క అక్షరం వదలకుండా చదివాను. అయిపోయాక చూస్తే విస్తరి ఖాళీగా ఉంది, పైన టెంక ఉంది. గోడవైపు అంచు ఎత్తి, ఇవతలికి మడిచి ఉంది. మా అత్తగారు చేతి మీద కొట్టి కొట్టి నేర్పలేకపోయింది. ఇన్నాళ్ళకు తనవైపుకు మడిచాడు.

లేచి స్నానం చేసి బొట్టు పెట్టుకున్నాను. మీ పెద్దన్నయ్యకు ఈ సంగతి ఎలా చెప్పాలో నాకు తెలియదు, నువ్వే రాయి. ఇలాంటి పుస్తకాలు ఇంకా తెమ్మని రత్నానికి చెప్పాను, రాజకీయాలు ఎక్కువ ఉన్నవి.

సుశీలమ్మ